కారు దగ్గరి ముక్క

అతుకు కనపడకుండా కుట్టడంలో జీనత్‌ను మించినవాళ్ళు లేరని నరసరావుపేట పల్నాడు రోడ్డు వెనక సందుల్లో ఆడవాళ్ళందరూ ఒప్పుకుంటారు. పన్నెండేళ్ళు జాకెట్లు కుట్టిన చెయ్యి మరి. అలాంటి మనిషి ఆ మధ్యాహ్నం స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని, రెండు వీడియో ముక్కల్ని అతకలేక, తల గోడకేసి కొట్టుకుందామా అన్నంత కసి మీద ఉంది. నాలుగింటికి ఫరా వస్తుంది. అప్పటికే రెండున్నర దాటింది. ఫరా చూడాలన్న ముక్క జీనత్ దగ్గర లేదు. పోగొట్టుకుంది కాదు, అసలు తీయనేలేదు. తీశాననుకుంది, అంతే.

ఇదంతా ఎట్లా వచ్చిపడిందో వినకుండా ఆమెను ఆడిపోసుకోవద్దు. విన్నాక మీ ఇష్టం.

స్టూడియో మౌలాలీది. ముప్పయ్యేళ్ళుగా పెళ్ళి వీడియోలు తీస్తున్నాడు. సాయిబుల పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు కెమెరా పట్టుకుని మగవాడు రావడానికి చాలా ఇళ్ళల్లో ఒప్పుకోరు. దాంతో ఆయన తీసే వీడియోల్లో సగం పెళ్ళే ఉండేది. పెళ్ళికొడుకు, బిర్యానీ, మళ్ళీ పెళ్ళికొడుకు. పెళ్ళికూతురి తల్లులు చూసి మూతి తిప్పుకునేవాళ్ళు. చూసి చూసి ఒకరోజు ఆయన జీనత్ కుట్టుమిషన్ దగ్గరకు వచ్చి, "కత్తెర పట్టడం నీకొచ్చు. మిగతాది నేను నేర్పుతా. వస్తావా?" అన్నాడు. ఎగిరి గంతేసినంత పని చేసింది జీనత్.

నేర్పాడు, పాపం, ఓపిగ్గానే. మొదటి పాఠం టీ తాగడం. "టీ తాగే మనిషిని ముందు దూరం నుంచి తియ్యి, తర్వాత దగ్గర నుంచి తియ్యి. గ్లాసు సగం లేచినప్పుడు కొయ్యి. మిగతా సగం రెండో షాట్‌లో లేవాల. చూసేవాళ్ళ కన్ను చేతి వెంట పోద్ది, కోత మీద పడదు. అదే కంటిన్యుటీ అంటే." పక్కనున్న టీకొట్టు చెన్నకేశవులు చేత రోజుకు పదిసార్లు టీ తాగించింది జీనత్. మొదటి వారం చూస్తే, దూరం షాట్‌లో గ్లాసు కుడి చేతిలో, దగ్గర షాట్‌లో ఎడమ చేతిలో. ఇంకోదాంట్లో గుటక వేసిన తర్వాత గ్లాసు నిండింది. "తల్లీ, నా కడుపు టీతోనే నిండిపోతంది, తొందరగా నేర్చుకో" అని చెన్నకేశవులు దండం పెట్టాడు.

తర్వాత గీత. ఇద్దరు మాట్లాడుకుంటుంటే వాళ్ళ మధ్య ఒక గీత ఉందనుకోవాలి, కెమెరా దానికి ఒక పక్కనే ఉండాలి. "గీత దాటావంటే ఎదురెదురు మనుషులు ఒకే పక్కకు చూస్తున్నట్టుంటది. మొగుడూ పెళ్ళాం అలిగి కూర్చున్నట్టు" అనేవాడు మౌలాలీ. కెమెరా తెర మీద అంకెలూ గుర్తులూ ఉంటే చూపు వాటి మీదకు పోతుందని, ఫ్రేము అంచులు చూడటం అలవాటు కావాలని, అవన్నీ తీసేయించాడు. మంచికే తీయించాడు.

ఇక మిగిలింది రికార్డవుతుంటే కెమెరా ముందు వెలిగే చిన్న ఎర్ర లైటు. దాన్ని చూస్తే ఆడవాళ్ళు కొయ్యబొమ్మలైపోతున్నారు. నవ్వుతున్నవాళ్ళు నోరు మూసుకుంటున్నారు, కొంగు మొహం మీదకు లాక్కుంటున్నారు. జీనత్ తెలివిని మెచ్చుకోవాలి, ఆ లైటు మీద చిన్న నల్ల టేపు ముక్క అంటించింది. ఆ రోజు నుంచి ఆడవాళ్ళు ఆమె ముందు హాయిగా నవ్వారు, తిట్టుకున్నారు, ఏడ్చారు. మౌలాలీ కూడా భేష్ అన్నాడు. ఆ టేపే కొంప ముంచుతుందని ఎవరు మాత్రం అనుకున్నారు?

ఫరా పెళ్ళి జీనత్ ఒక్కతే చేతులారా తీసిన మొదటి పెళ్ళి. ఫరా వాళ్ళమ్మ అబిదా జీనత్ ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఖాలా, ఖాలా అని జీనత్ చిన్నప్పటి నుంచి వాళ్ళింట్లో తిరిగిన పిల్లే. అబిదా మొగుడు సాదిక్ లారీ మెకానిక్, మంచివాడే గానీ మహా పట్టుదల మనిషి. పెళ్ళి వీడియోలు ఊళ్ళోవాళ్ళ స్టేటస్‌లకు ఎక్కుతాయని ఆడవాళ్ళ వైపు ఒక్క ఫోన్ కూడా బయటికి తీయనివ్వలేదు. "తీసేది జీనత్ ఒక్కతే" అని గుమ్మంలో నిలబడి చెప్పాడు. ఆ మాటకు జీనత్‌కు ఒళ్ళంతా గర్వం కమ్మింది.

నికా దాకా అంతా సజావుగానే సాగింది. పెళ్ళికూతురి తరఫు పెద్దగా వకీలు, ఇద్దరు సాక్షులు లోపలికి వచ్చి పెళ్ళికి ఒప్పుకోలేనా అని మూడుసార్లు అడిగారు. ఫరా మూడోసారికి కబూల్ అంది. పక్కనున్న పిన్నమ్మ యాస్మిన్ ఆమెను వాటేసుకుంది, ఫరా ఆ భుజం మీద వాలి భోరుమంది. జీనత్ తీసింది. అప్పుడే ఆడవాళ్ళందరూ ముబారక్ ముబారక్ అంటూ పెళ్ళికూతురి మీదకు విరగబడ్డారు. ఎవరి మోచెయ్యో తగిలి జీనత్ వేలు మీట మీద రెండోసారి పడింది. తిరుగుతున్న కెమెరా ఆగిపోయింది, ఆమెకు తెలియలేదు. లైటు మీద టేపు ఉంది, తెర మీద గుర్తులు లేవు. అక్కడి నుంచి మొత్తం తిరగబడింది. ఆమె తీస్తున్నాననుకున్నప్పుడల్లా కెమెరా ఆగింది, ఆపాననుకున్నప్పుడల్లా తిరిగింది.

ఆ సాయంత్రం కార్డు కంప్యూటర్‌లో పెట్టి చూస్తే ఏముంది? నేల, తన కాలి వేళ్ళు, షామియానా గుడ్డ, మళ్ళీ నేల. విందు లేదు. అద్దంలో మొహాలు చూసుకునే జల్వా లేదు. సాగనంపడం లేదు. జీనత్ ఆ చెత్త ముక్కలన్నీ ఒక ఫోల్డర్‌లో తోసి, దానికి 'వేస్ట్' అని పేరు పెట్టి, ఎవరికీ చెప్పకుండా నోరు కుట్టేసుకుంది. మౌలాలీకి కూడా చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంది.

ఆ వారమే, శుక్రవారం తెల్లారేసరికి అబిదా లేదు. ఒంట్లో బాగుండక మాచర్లలో పెళ్ళికొడుకు వాళ్ళిచ్చిన వలీమా విందుకు కూడా పోలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయింది. ఆ మధ్యాహ్నమే జుమా నమాజు అయ్యాక మట్టి ఇచ్చారు.

మూడు వారాల తర్వాత ఫరా ఫోన్ చేసింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "జీనతాపా, వీడియో అంతా నువ్వు ఎప్పుడిస్తావో నీ ఇష్టం. కారు దగ్గరి ముక్క ఒక్కటి నాకు చూపించు. నేను కారెక్కేప్పటిది. అమ్మీని చూడాల." అంతే, పెట్టేసింది.

లేదమ్మా అని ఆ క్షణానే చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. ఎట్లా చెబుతుంది? చచ్చిపోయిన తల్లి చివరిసారి కూతుర్ని గుండెకు హత్తుకున్న ముక్క, దాన్ని తీయమని నమ్మి తనొక్కదాన్నే లోపలికి రానిచ్చారు, తీయలేదు. అల్లా, నా చెయ్యి విరిచెయ్యి, ఆ ఒక్క నిమిషం వెనక్కివ్వు అని ఆ వారమంతా ఏడ్చింది. అన్నం సహించలేదు. చివరకు, ఇవ్వాళ పొద్దున్న, చెయ్యకూడని పని ఒకటి మనసులో మెదిలింది.

ఆ తోపులాటలో తన చూపంతా పెళ్ళికూతురి ముసుగు మీదే, పట్టుకున్నది ఎవరో చూసుకోలేదు. అయినా తల్లి కూతుర్ని వాటేసుకునే ఉంటుంది గదా. జరిగినదే గదా. జరిగినదాన్ని చూపిస్తే తప్పేముంది?

ఇదుగో, ఆ తప్పే ఇప్పుడు టైమ్‌లైన్ మీద పరుచుకుని ఉంది. మొదటి ముక్క పెళ్ళిరోజు పొద్దున్నది. పిడుగురాళ్ళ నుంచి వచ్చిన చుట్టాల పిల్లను చూసి, పచ్చ చీరలో అబిదా రెండు చేతులూ చాపి ముందుకు వంగుతుంది. రెండో ముక్క కబూల్ తర్వాతది. యాస్మిన్ వీపు, ఆ భుజం మీద ఏడుస్తున్న ఫరా మొహం. అక్కాచెల్లెళ్ళు పెళ్ళికి ఒకే రకం పచ్చ చీరలు కట్టారు. వెనక నుంచి చూస్తే ఎవరు అబిదానో ఎవరు యాస్మినో కన్నతండ్రి కూడా చెప్పలేడు.

కానీ అతకడం లేదు. చేతులు చాచిన అబిదా కుడివైపుకు వంగుతోంది, ఫరా తల కూడా కుడివైపే ఉంది. గీత దాటినట్టే. జీనత్ రెండో ముక్కను అద్దంలోలా తిప్పింది. తిప్పితే ఫరా ముక్కుపుడక రెండోవైపుకు పోయింది. ముక్కు దగ్గర ముసుగు నీడను కాస్త ముదురు చేస్తే ముక్కుపుడక దాగింది. వెలుగు కలవలేదు, పొద్దుటిది పసుపు, గదిలోది తెలుపు. దాన్ని సరిచేసింది. వెనకాల కారు హారన్ వినిపించాలి, పాత పెళ్ళిలోది తెచ్చి పెట్టింది. చేతులు పూర్తిగా దగ్గరకు రాకముందే కోసింది. మిగతా సగం రెండో ముక్కలో దగ్గరికొచ్చింది.

నడిపి చూసింది. మళ్ళీ చూసింది. మూడోసారి కూడా చూసింది. ఎక్కడ కోసిందో తనకే కనపడలేదు.

వెనక ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, మౌలాలీ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నాడు. "అతుకు యాడుందే జీనత్? నాకే దొరకలా. ఇన్నాళ్ళకు ఎడిటర్‌వి అయ్యావు పో. పాపం ఆ అబిదా, చూడు బిడ్డను ఎట్టా పట్టుకుందో" అన్నాడు.

ఆ మాట కోసం ఆరు నెలలు ఎదురుచూసింది జీనత్. ఇప్పుడది చెంప మీద కొట్టినట్టుంది. తల వంచుకుని, "అవును మామూ" అంది.

ఫరా నాలుగు కాకముందే వచ్చింది. పెళ్ళిలో నిండుగా ఉన్న పిల్ల సగమైపోయింది. మౌలాలీ కుర్చీ వేసి, ఆడపిల్ల ఏడుపు తాను చూడటం ఎందుకని ముందు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. జీనత్ మీట నొక్కింది.

పదకొండు సెకన్లు. అబిదా చేతులు చాచింది. పచ్చ చీర, ఏడుస్తున్న ఫరా, హారన్.

ఫరా కుర్చీ దగ్గరికి లాక్కుంది. "ఇంకోసారి పెట్టు" అంది. పెట్టింది. "ఇంకోసారి." పెట్టింది. ఇక కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, తనను కావలించుకుని దువా ఇస్తుంది, ఈ గండం గడుస్తుంది అనుకుంది జీనత్.

"ఇది ఏంది ఆపా?" అంది ఫరా, మెల్లగా.

"మీ అమ్మీ..."

"అమ్మీ కారు దగ్గరకు రాలేదు."

జీనత్ మౌస్ వదిలేసి ఆమె వైపు తిరిగింది.

"నన్ను పట్టుకోలేదు. అసలు రాలేదు. నేనే రావద్దన్నా." ఫరా రెండు చేతులతో తన చెంపలు పట్టుకుంది. "నర్సింగ్ పరీక్షలు వచ్చే నెల. అయ్యిందాకా ఆగమ్మీ అని కాళ్ళు పట్టుకున్నా. వినలా. పెళ్ళిరోజు పొద్దున్నే అన్నా, నన్ను వదిలించుకుంటన్నావు గదా, సంతోషమేగా, పోయేప్పుడు కారు దగ్గరకొచ్చి నీ మొహం చూపించబాకు అన్నా. నిజంగానే రాలేదు. నేను తల వంచుకుని ఎక్కా, వెనక్కి చూడలా. చూస్తే ఏం పోయేది నాకు? ఏ మూలన్నా నిలబడిందేమో, నీ కెమెరాలో ఎక్కడన్నా పడిందేమో అని వచ్చా. ఒక్కసారన్నా చూసిందో లేదో నాకు కావాల. నువ్వేమో... ఇది ఎవరి ఒళ్ళు ఆపా? ఎవరి ఒళ్ళో నన్ను పెట్టావు?"

జీనత్ కుర్చీ దిగి నేల మీద కూలబడింది. ఇక దాచేదేముంది? టేపు సంగతి, మీట సంగతి, యాస్మిన్ వీపు సంగతి, హారన్ సంగతి, అన్నీ కక్కేసింది. మాట మాటకూ ఏడుపు అడ్డం వచ్చింది. ముందు గదిలో మౌలాలీ కుర్చీ కిర్రుమంది, ఆయనా విన్నాడన్నమాట. తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ఫరా లేచి నిలబడింది. కొడుతుందేమో అనుకుంది జీనత్. కొట్టినా బాగుండేది. "మా అమ్మీకి నా మీద కోపం అట్టనే ఉండిపోయిందని తెలిసినా సరే, అదే నిజం అనుకుని బతికేదాన్ని. నువ్వు దొంగ అమ్మీని చేసిపెట్టావు. తూ!" అంది. బురఖా సర్దుకుని తలుపు దాకా పోయింది. పోయి ఆగింది.

"ఆ చెత్త ఉందా?"

"ఆఁ?"

"నువ్వు పారేసిన చెత్త. నేల, కాళ్ళు అన్నావే. ఉందా?"

వేస్ట్ ఫోల్డర్‌లో నలభై మూడు ముక్కలున్నాయి. జీనత్ ఒక్కోదాన్ని మొదటి రెండు మూడు సెకన్లు చూసి లోపలికి తోసింది తప్ప, ఏదీ చివరిదాకా చూసిన పాపాన పోలేదు. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నేల. బిర్యానీ దేగిశా అడుగు. ఎవరిదో పసిబిడ్డ కాలి గజ్జె. తివాచీ. ప్రతి ముక్క తెరుచుకోగానే ఫరా ముందుకు వంగుతోంది, అయిపోగానే వెనక్కి వాలుతోంది. ముప్పై ఆరు ముక్కలు అట్లాగే పోయాయి. జీనత్ లోపల్లోపల ఒకటే మొక్కుకుంటోంది, ఒక్క వేలు కనపడనీ, ఒక్క కొంగు కనపడనీ అని.

ముప్పై ఏడోది కారు కదిలిన క్షణాన మొదలైంది. సాగనంపడం అయిపోయిందని జీనత్ మీట నొక్కి ఆపింది గదా, అప్పుడే కెమెరా తీయడం మొదలుపెట్టింది. ఆమె చేతిలో తలకిందులుగా వేలాడుతూ, మూతి వెనక్కి, ఇంటి వైపుకు తిరిగి ఉంది. గుమ్మం దగ్గర చెప్పుల గుట్ట, జీనత్ తన జోడు వెతుక్కుంటోంది. ఆవేళ ఇక్కడ ఆపే చెత్తలోకి తోసేసింది. ఈసారి ఆపలేదు. చెప్పులు ఊగాయి. గోడ ఊగింది. ఆకాశం కిందికి, ఇల్లు పైకి. ఇంటి మేడ, పిట్టగోడ. పిట్టగోడ దగ్గర పచ్చ చీర.

ఫరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కింద నుంచి యాస్మిన్ అరుపు వినిపించింది, గోలలోంచి, స్పష్టంగా, ఆవేళ చెప్పుల వెతుకులాటలో జీనత్ చెవికెక్కనిది. "ఏమే అక్కా! బిడ్డ పోతంటే కిందికి రాకుండా ఆడ నిలబడ్డావేంది?"

మేడ మీద నుంచి అబిదా గొంతు. "కారు దగ్గరకు రావద్దంది. మేడెక్కద్దనలేదుగా!"

"ఏడుస్తన్నావా ఏంది?"

"పోవే, ఎండ కళ్ళల్లో కొడతంది."

ఎండ ఆమె వీపు వైపు ఉంది. మొహం అంతా నీడే. సందు మలుపు వైపు చూస్తూ చెయ్యి పైకెత్తింది. తలకిందులు గనక ఆ చెయ్యి కిందికి, తెర అడుగుకు చాచినట్టుంది. కారు మలుపు తిరిగి ఉంటుంది, హారన్ వినిపించింది, ఇది నిజం హారన్. చెయ్యి ఇంకా అట్లాగే ఉంది.

జీనత్ చెయ్యి అలవాటు కొద్దీ మౌస్ మీదకు పోయింది. "తిప్పి పెడతానమ్మా, నిటారుగా కనపడుద్ది. ముందు ఈ చెప్పుల ముక్క కోసేసి..."

"ముట్టుకోబాక!" ఫరా ఆమె మణికట్టు గట్టిగా పట్టుకుంది. "దేన్నీ కొయ్యబాక. చెప్పులు కూడా ఉండనీ."

మెడ పక్కకు వంచి, చెంప దాదాపు బల్లకు ఆనించి, తలకిందులుగా ఉన్న తల్లిని తిన్నగా చూసుకోవాలని చూస్తోంది ఫరా.

తెర మీద యాస్మిన్ మళ్ళీ అరిచింది. "పొద్దున నిన్ను అన్ని మాటలు అన్నదంట గదే!"

"అంటే అంది. నా కూతురు అనకపోతే ఎవరంటారు?" కొంగుతో ముక్కు తుడుచుకుంది అబిదా. "శుక్రవారం జుమాగీకి వస్తదిగా, ఇద్దరూ వస్తారుగా. అప్పుడు చెప్తా దాని సంగతి."

ముక్క ఇంకా నడుస్తూనే ఉంది. పెళ్ళైన తర్వాత మొదటి శుక్రవారం కూతురూ అల్లుడూ పుట్టింటికి రావడం, తల్లి వండిపెట్టడం, ఆ వాడలో ఏ ఇంట్లోనూ తప్పని మర్యాద. ఫరా కూడా ఆ శుక్రవారం మాచర్ల నుంచి మొగుడితో కలిసి వచ్చింది. వచ్చేసరికి వాకిట్లో తల్లి జనాజా లేవడానికి సిద్ధంగా ఉంది.

"వచ్చా అమ్మీ" అంది ఫరా, తెరతో. "శుక్రవారం నేనొచ్చా. నువ్వే..."

బల్ల మీద తల వాల్చేసింది. జీనత్ ఆమె వీపు మీద చెయ్యి వెయ్యబోయి, ఆ హక్కు తనకు లేదనిపించి, వెనక్కి తీసుకుంది. తెర మీద మేడ పక్కకు జరిగిపోయింది, మళ్ళీ చెప్పుల గుట్ట వచ్చింది, అందులో జీనత్ చెయ్యి తన ఎడమ చెప్పు కోసం వెతుకుతోంది. ఆమె దాన్ని ఆపలేదు. చెప్పు దొరికేదాకా నడవనిచ్చింది.